అమ్ముడుపోని ఫుట్‌బాల్ బొమ్మల పెట్టెలు

ఈ మధ్య నెలకు ఇద్దరో ముగ్గురో ఫోన్ చేస్తున్నారు. పాత ఫుట్‌బాల్ బొమ్మల పెట్టెలు కొనే పని తమకూ నేర్పమంటారు. మొన్న గోరంట్ల నుంచి ఒక అమ్మాయి చేసింది. బీకాం అయిందట, వీడియోలు చూసి ఈ వ్యాపారం మీద మనసు పడిందట. “సీలు విప్పని పెట్టె ఒక్కటి దొరికితే లైఫ్ సెటిలంట కదా అంకుల్” అంది. నాకు నవ్వాగలేదు. అట్లాంటి పెట్టెలు నేను చాలానే కొన్నాను. వానొస్తే ఇప్పటికీ మా వంటింట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకుంటాం.

ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నేను ఈ పని మానేసి ఏడాది దాటింది. దాచుకోవాల్సిన కిటుకులేమీ మిగల్లేదు. చేసిన తప్పులు చెప్పుకోవడానికి పెద్దగా సిగ్గు కూడా లేదు. ఒక్కదాని విషయంలో మాత్రం ఉంది. అది కూడా చెబుతాను, ఎందుకంటే మీరు నేర్చుకోవాల్సింది అసలు అదే.

సరుకు సంగతి

తెలియనివాళ్ల కోసం ముందు సరుకు గురించి. ఒకప్పుడు బబుల్ గమ్ పొట్లంలో గమ్ముతో పాటు చిన్న అట్టముక్క ఒకటి వచ్చేది. దాని మీద ఆటగాడి రంగుల బొమ్మ, వెనక అతని వివరాలు. పిల్లలు వాటిని కూడబెట్టేవాళ్లు, మార్చుకునేవాళ్లు, గోడకేసి విసిరి పందేలు ఆడేవాళ్లు. క్రికెట్ బొమ్మలు, కుస్తీ బొమ్మలు, సినిమా బొమ్మలు అన్నీ వచ్చాయి. ఒక కంపెనీ, పేరెందుకులే, ఫుట్‌బాల్ బొమ్మలు తెచ్చింది. పెట్టెకు నలభై ఎనిమిది పొట్లాలు. మూత మీదుగా ముందువైపుకు దిగేట్టు కంపెనీ ముద్ర ఉన్న కాగితం పట్టీ ఒకటి అంటించి ఉంటుంది. ఆ పట్టీ లేవకుండా, తెగకుండా ఉంటే అది విప్పని పెట్టె.

ఈ బొమ్మలను పోగుచేసే పెద్దమనుషులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు ఇంట్లో కొనివ్వనివన్నీ పెద్దయ్యాక కొనుక్కుంటున్నారు. పెట్టె విప్పితే లోపలున్న బొమ్మలకు మాత్రమే ధర. విప్పకపోతే, లోపల ఏ అపురూపమైన బొమ్మ ఉందోనన్న ఆశకు కూడా ధర పలుకుతుంది. అదే ఎక్కువ పలుకుతుంది. అంటే మేం కొనేదీ, అమ్మేదీ ఎవరూ చూడని సరుకు. ఇన్నేళ్లలో బాగున్న పెట్టె లోపల ఎట్లా ఉంటుందో నేను కూడా ఒక్కసారే చూశాను, అది కూడా చిట్టచివర్లో.

ఇవి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపే ఎందుకు దొరుకుతాయని అందరూ అడుగుతారు. కలకత్తాలో, కేరళలో ఆ ఆటంటే పిచ్చి. అక్కడి పిల్లలు పెట్టెలు పెట్టెలు ఖాళీ చేశారు. బొమ్మలు నలిగి, చిరిగి, చెత్తలో కలిసిపోయాయి. మా అంగళ్లలో పొట్లం విప్పిన పిల్లవాడు “ఇదెవురన్నా, క్రికెట్టోడు కాదా?” అని అడిగి, గమ్ము నోట్లో వేసుకుని బొమ్మ పారేసేవాడు. రెండోసారి కొనేవాడు కాదు. దాంతో విప్పని పెట్టెలన్నీ అటకెక్కాయి. మావాళ్లకు ఫుట్‌బాల్ పట్టకపోవడమే నన్ను ఇన్నేళ్లు బతికించింది.

అటకెక్కించింది నేనే

ఆ పెట్టెలు అంగళ్లలోకి ఎట్లా పోయాయో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. హిందూపురంలో ఒక బిస్కెట్ల ఏజెన్సీలో సేల్స్‌మన్‌గా నా ఉద్యోగం మొదలైంది. వారానికి రెండు రోజులు ధర్మవరం లైను, ఒక రోజు పెనుకొండ, ఒక రోజు అగళి వైపు. లగేజీ ఆటోలో సరుకేసుకుని అంగడంగడికీ తిరిగేవాణ్ణి.

మా ఓనరు మాటకారి. ఫుట్‌బాల్ పెట్టెలు గోడౌన్లో పేరుకుపోయేసరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. బిస్కెట్లు కావాలంటే ఫుట్‌బాల్ పెట్టె కూడా తీసుకోవాల్సిందే. బిస్కెట్లు లేకుండా ఏ అంగడీ నడవదు కాబట్టి నన్ను తిట్టుకుంటూనే తీసుకునేవాళ్లు. అగళిలో ఒకాయన సగం కన్నడంలో, సగం తెలుగులో తిట్టాడు. నా ఖర్మకు రెండూ నాకు అర్థమయ్యాయి.

మా ఓనరు చెడ్డవాడేం కాదు. జీతం ఒకటో తారీఖు దాటనిచ్చేవాడు కాదు. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, సరుకు దించేటప్పుడు అంగడివాళ్ల మొహం చూడకుండా ఉండటం. అది వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మస్తాన్ సాబ్ బడి

ఏజెన్సీ మూతపడ్డాక హిందూపురంలోనే పాత పుస్తకాలు, పాత పేపర్లు కొనే మస్తాన్ సాబ్ దగ్గర చేరాను. ఆయన అంగడికి బెంగళూరు నుంచి రకరకాల మనుషులు వచ్చేవాళ్లు. ఒకరికి పాత సినిమా పోస్టర్లు కావాలి, ఇంకొకరికి అగ్గిపెట్టె లేబుళ్లు. వాళ్లలో ఒకాయన సుందరేశ్. బ్యాంకులో పనిచేస్తూ, సెలవు రోజుల్లో ఈ బొమ్మల వ్యాపారం చేసేవాడు. ఆయన ఒకసారి ఫుట్‌బాల్ పెట్టెల కోసం అడిగితే మస్తాన్ సాబ్ నన్ను చూపించాడు.

“మా రామాంజులు ఆ పెట్టెలు ఊరూరా ఇచ్చొచ్చినాడు సార్. యా అటక మీద ఏముండాదో ఈయప్పకే తెలుసు.”

అట్లా నేను ఒకప్పుడు అంటగట్టిన అంగళ్లకే మళ్లీ కొనడానికి బయల్దేరాను. మనుషులు బతుకులో ఎన్నో దారులు మారుస్తారు. నేను మాత్రం అదే లైన్లో తిరుగు ప్రయాణం చేశాను.

పెట్టె చూడటం మస్తాన్ సాబే నేర్పించాడు. పెట్టెను ఊపకూడదు, లోపల గమ్ము గాజుముక్కలా ఎండిపోయి ఉంటుంది, ఊపితే బొమ్మలను కోస్తుంది. మూల దగ్గర ముక్కు పెట్టి చూడాలి, విప్పని పెట్టెలో తీపి వాసన ఇంకా మిగిలి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం పట్టీ అంచు. మోసగాళ్లు ఆవిరి పట్టి పట్టీని లేపి, మంచి బొమ్మలు ఏరుకుని, మళ్లీ అంటించేస్తారు. తడిసి ఆరిన కాగితం అంచు నున్నగా ఉండదు, సన్నగా ముడతలు తేలుతుంది. గోరు ఆనించి జరిపితే తెలిసిపోతుంది. ఆ గోటి పరీక్ష వచ్చేదాకా ఆయన నన్ను ఒంటరిగా ఏ ఊరికీ పంపలేదు.

ఆయనలో నాకు నచ్చనిది కూడా ఉంది. అమ్మేవాళ్లకు అసలు ధర చెప్పేవాడు కాదు. “వాళ్లడగల్యా, నేను చెప్పల్యా” అనేవాడు. నేను సొంతంగా తిరగడం మొదలుపెట్టాక బెంగళూరు ధర ముందే చెప్పేసి, అందులో నా వాటా ఎంతో కూడా చెప్పేవాణ్ణి. ఇదేదో గొప్ప గుణమని అనుకోకండి. ఇవాళ కాకపోతే రేపు వాళ్ల ఫోన్లోనే ధర కనపడుతుంది. అప్పుడు అదే వీధిలో నడవాల్సింది నేనే.

పెనుకొండలో చెదలు

ఒంటరిగా పోయిన మొదటి నెలలోనే దెబ్బ తిన్నాను. పెనుకొండ బస్టాండు దగ్గర ఒక పెద్దాయన అంగడి మూసేస్తున్నాడని తెలిసి పోయాను. గోడ అరలో రెండు పెట్టెలు. దుమ్ము తుడిస్తే రంగులు నిన్న అచ్చేసినట్టున్నాయి. పట్టీ అంచు గోటికి నున్నగా తగిలింది. వాసన కూడా వచ్చింది. సంతోషం ఆగక అక్కడికక్కడే కొనేసి బస్సెక్కాను.

ఒళ్లో పెట్టుకుని కూచుంటే దారిలో ప్యాంటు మీద ఏదో రాలుతోంది. చూస్తే ఎర్రమట్టి. రెండు పెట్టెల అడుగూ చెదలు తినేశాయి. పక్కన కూచున్న ఆయన “ఏమన్నా, మట్టి తీసుకపోతాండావా, మీ ఊర్లో లేదా?” అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే లోపల పొట్లాలన్నీ మట్టిగడ్డ అయిపోయాయి. చెదలు కాగితం తిన్నాయి, అట్ట తిన్నాయి, బొమ్మలన్నీ తిన్నాయి. గమ్మును మాత్రం ముట్టుకోలేదు. చెదలు కూడా వద్దన్నదాన్ని పిల్లల చేత నమిలించామే అని ఆరోజు నిజంగా బాధ కలిగింది.

మస్తాన్ సాబ్ విని, టీ ఒలికేదాకా నవ్వాడు. “మూత చూస్తివి, అంచు చూస్తివి, అడుగు చూసే పన్లే?” అన్నాడు. ఆయన తిట్టి ఉంటే మరచిపోయేవాణ్ణి. నవ్వాడు కాబట్టి, ఆ తర్వాత ఏ పెట్టె అడుగూ చూడకుండా కొనలేదు.

అసలు పని కూచోవడం

ఈ పనిలో పెట్టె కొనడం పావుగంట. దానికి ముందు ఆర్నెల్లు టీ తాగాలి. “పాత సరుకేమన్నా ఉందా?” అని అడిగితే ఎవరూ ఉందని చెప్పరు. వాళ్ల అంగడిని తక్కువ చేసినట్టు అనుకుంటారు. నేను ఏమీ అడగకుండా కూచునేవాణ్ణి. మోకాళ్ల నొప్పులు, కరెంటు బిల్లు, పక్కవీధిలో వచ్చిన పెద్ద షాపు, అన్నీ వినేవాణ్ణి. మూడోసారో నాలుగోసారో వాళ్లే అంటారు, “ఏందేందో పడుండాది పైన, నువ్వన్నా చూడు” అని. అప్పుడు నిచ్చెన వేయాలి. వినే ఓపిక లేనివాళ్లు ఈ పనికి రావద్దు. గోరంట్ల అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. “వీడియోలో ఇదంతా లేదే అంకుల్” అంది.

నారాయణమ్మ నాలుగు పెట్టెలు

ఇప్పుడు నేను పని మానేయడానికి కారణమైన సంగతి చెబుతాను.

ధర్మవరంలో నారాయణమ్మ అని, నా ఈడు మనిషే. ఇంటి ముందుగదిలో చిన్న అంగడి పెట్టుకుని పలకలు, దువ్వెనలు, రిబ్బన్లు, బిస్కెట్లు, గమ్ములు అమ్మేది. ఆమె భర్త వెంకటరాముడు షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు. పెద్ద షాపులొచ్చాక ఆమె అంగడి ఆగిపోయింది. నేను గడప దగ్గర నిలబడగానే గుర్తుపట్టింది.

“నువ్వు బిస్కెట్ల రామాంజులు కదా?”

“అవునమ్మా.”

“బిస్కెట్లకని వస్తివి, ఈటిని అంటగట్టి పోతివి. రాప్పా, వచ్చి చూసుకో.”

ఇక్కడ టీ తాగే పని కూడా పడలేదు. అరలో నాలుగు పెట్టెలు వరసగా ఉన్నాయి. చెదలు లేవు, ఎలుకలు లేవు, అడుగు గట్టిగా ఉంది. కానీ ప్రతి పెట్టెకూ ముందువైపు, పట్టీ మూత మీద నుంచి దిగే చోట, పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఒక బొట్టు కాదు. ఏడాది మీద ఏడాది పెట్టిన బొట్లు గట్టిపడి బిళ్ల కట్టాయి.

“ఇదేందమ్మా?” అన్నాను.

“ప్రతి దసరాకు సరుకంతటికీ బొట్టు పెడతా. అమ్ముడుపొయ్యేదానికి ఒక చుక్క పెడితే చాలు. పోనిదానికే బాగా పెట్టల్ల. పొయ్యేదానికి దేవుడితో పనేముండాది?” అంది.

ధర చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు. “నాలుగిటికీ కలిపి మాకు సొంత మగ్గం వస్తుందా రాదా, అది చెప్పు” అంది. వెంకటరాముడు ఒక మూల తల వంచుకుని కూచుని ఉన్నాడు. ఆ మాటకు మాత్రం తలెత్తి నా వైపు చూశాడు. ముప్పై ఏళ్లకు పైగా ఇంకొకరి మగ్గం మీద నేసిన మనిషి. నేను మనసులో లెక్క చూసుకుని “వస్తుందమ్మా” అన్నాను. అమ్మి పెట్టమని నాలుగు పెట్టెలూ నా చేతికిచ్చింది.

హిందూపురం తెచ్చి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో కూచున్నాను. సుందరేశ్ ఎప్పుడూ అనేవాడు, మరక ఉంటే ధర తగ్గుతుందని. బొట్టు తీసేస్తే పెట్టె కొత్తదానిలా ఉంటుంది, ఆమెకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి అనుకున్నాను. దూదిని తడిపి, గట్టిగా పిండి, మెల్లమెల్లగా తుడవడం మొదలుపెట్టాను. చాలా జాగ్రత్తగా చేశాను. నా పనితనం మీద నాకే ముచ్చటేసింది కూడా.

మూడు పెట్టెలు అయ్యాక మా ఇంటామె బయటికొచ్చి చూసింది. “బొట్టు తుడిచేది ఏం పని? ఎవురు పెట్టిందో ఏమో” అంది. మరకలని చెప్పాను. ఆమె నాలుగో పెట్టెను నా ముందు నుంచి తీసుకుపోయి బీరువా మీద పెట్టేసింది. “దీని జోలికి రావద్దు” అంది. వాదించడం ఎందుకని ఊరుకున్నాను. మొదట మూడు అమ్మి, నాలుగోదాని సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

నా గోటికే తగిలింది

రెండు రోజుల తర్వాత మూడు పెట్టెలు బెంగళూరు తీసుకుపోయాను. సుందరేశ్ మొదటి పెట్టె పట్టీ అంచున గోరు ఆనించాడు. ఆగాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు. భూతద్దం తెచ్చి మళ్లీ చూశాడు.

“రామాంజులు గారూ, మీరే చూడండి” అని పెట్టె నా వైపు జరిపాడు.

నా గోటికి ముడతలు తగిలాయి. తడి దూదితో తుడిచినప్పుడు పట్టీ అంచు లేచింది. లేచినచోటల్లా బొటనవేలితో నేనే నొక్కాను, అంటుకుంది. ఇన్నేళ్లుగా ఊరూరా నేను వెతికి పట్టుకున్న దొంగ గుర్తు అదే. దాన్ని నా చేతులతో నేనే మూడు పెట్టెల మీద తయారుచేసుకొచ్చాను. పెట్టె ఎవరూ విప్పలేదని చెప్పే సాక్ష్యం ఏదన్నా ఉందంటే, మూతకూ పెట్టెకూ కలిపి గట్టిపడిన ఆ బొట్టే. మూత లేపితే అది పగిలి తీరాలి. ముప్పై దసరాలకు పైగా ఆమె పెట్టిన ముద్రను నేను ఒక్క మధ్యాహ్నంలో దూదితో తీసేశాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. “నాకు వచ్చింది అట్లానే సార్” అన్నాను. ఆ అబద్ధం ఎందుకు ఆడానని ఇప్పుడడిగితే, పనిమంతుడినన్న పేరు పోతుందని. అంతే. సుందరేశ్ పెట్టెలు అట్టపెట్టెలో పెట్టి మర్యాదగా తిరిగిచ్చాడు. ఆ మర్యాదకు నాకు చచ్చేంత సిగ్గేసింది.

అంచుకు గోరు ఆనించి చూడకుండా, ఫోటో చూసి కొనేసేవాళ్లు ఉంటారు. రైల్లో వస్తూ వాళ్ల నంబర్లు తీసి చూసుకున్నాను కూడా. ఒకరికీ చేయలేదు. నిజాయితీ వల్ల కాదు. ఎప్పటికైనా బయటపడుతుందన్న భయం వల్ల. మీకు నిజాయితీ లేకపోయినా ఈ భయం మాత్రం ఉంచుకోండి, పనికొస్తుంది.

మరుసటి రోజు ధర్మవరం పోయాను. ముందుగదిలోకి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. గది మధ్యలో గుంత తవ్వి ఉంది. మగ్గానికి కాళ్లు పెట్టుకునే గుంత. వెంకటరాముడే తవ్వుకున్నాడట. చెక్కపని ఆయనకు కొలతలు కూడా ఇచ్చేశారట. మన్నంతా ఒక పక్కన కుప్పగా పోసి ఉంది.

“ఎప్పుడిస్తాడంట దుడ్లు?” అంది నారాయణమ్మ.

గుంత గట్టు మీద కూచుని జరిగింది జరిగినట్టు చెప్పాను. బెంగళూరులో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. వెంకటరాముడు లేచి బయటికి పోయి వీధిలో నిలబడ్డాడు. ఆమె కదల్లేదు.

“బొట్టెందుకు తుడిచినావు?”

“నీకు ఎక్కువ ధర వస్తుందని.”

“నేను అడిగితినా?”

“లేదమ్మా.”

“పోనీ, నన్నడిగితివా?”

తల అడ్డంగా ఊపాను. ఆమే మళ్లీ అంది, “ఆ సారును ఈడికి రమ్మను. నేను మాట్లాడతా.”

గుంత చుట్టూ

అక్కడి నుంచే సుందరేశ్‌కు ఫోన్ చేశాను. “దసరాలకు పెట్టిన బొట్లు తుడవబోయి పట్టీలు తడిపింది నేనే సార్. మీతో అబద్ధం చెప్పినాను” అన్నాను. నాలుగో పెట్టె ఇంకా బొట్టుతోనే ఉందని చెబితే ఫోటో పంపమన్నాడు. ఇంటికొచ్చి, బీరువా మీద నుంచి దించి ఫోటో తీసి పంపాను. పది నిమిషాల్లో మళ్లీ చేశాడు. ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారం ఉదయం నాలుగు పెట్టెలూ పట్టుకుని ఆయనతోపాటు ధర్మవరం వెళ్లాను. ఆయన చెప్పులు విప్పి, గుంత చుట్టూ జాగ్రత్తగా నడిచి అర దగ్గరికి పోయాడు. నారాయణమ్మ అమ్ముడుపోని సరుకంతా ఒక్కొక్కటే దించి చూపించింది. పలకబలపాల డబ్బా, దువ్వెనల అట్ట, పిన్నీసుల కట్ట. అన్నిటికీ అదే పసుపు, అదే మందాన బొట్టు. సుందరేశ్ నాలుగో పెట్టెను కిటికీ దగ్గర పెట్టుకుని భూతద్దంతో చాలాసేపు చూశాడు.

“దీనికి తిరుగులేదు. ఇది బొట్టుతోనే నాకు కావాలి, మామూలు పెట్టె కంటే ఎక్కువిస్తాను” అన్నాడు. “మిగతా మూడూ ఎవరూ విప్పలేదని నేను నమ్ముతాను అమ్మా. కానీ నా దగ్గర కొనేవాళ్లు నమ్మాలి కదా. ఒకటి విప్పి చూపించాలి. విప్పినదానికి పెద్దగా ధర ఉండదు.”

మూడిట్లో ఒకటి పోతే మగ్గానికి చాలదు. ఆ సంగతి గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. నారాయణమ్మ గుంత వైపు చూసింది.

“విప్పేది నేను కొంటాను, విప్పని ధరకే” అన్నాను. “తడిపింది నేను కదా.”

వద్దని ఎవరూ అనలేదు. అనకపోవడమే నాకు మేలయింది.

సుందరేశ్ ఒక పెట్టె ఎంచి, ఫోన్‌లో వీడియో పెట్టాడు. నారాయణమ్మను ముందు ఆ బొట్టు సంగతంతా చెప్పమన్నాడు. ఆమె బెదరకుండా చెప్పింది, నేను తుడిచిన సంగతి కూడా వదల్లేదు. తర్వాత నన్ను విప్పమన్నారు. ఇన్నేళ్లు విప్పకూడదని అందరికీ చెప్పిన చేతులతో పట్టీ కింద బ్లేడు పెట్టాను. మూత లేపితే నలభై ఎనిమిది పొట్లాలు కంపెనీలో పేర్చినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా వంకర పోలేదు, ఒక్క అంటింపు కూడా లేవలేదు. తీపి వాసన గదంతా వచ్చింది.

నారాయణమ్మ ఒక పొట్లం తీసి, ఎవరినీ అడక్కుండా చించింది. గమ్ము ముక్కలై ఒళ్లో పడింది. బొమ్మను కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. గిరజాల జుట్టు, పెద్ద మీసం ఉన్న మనిషి.

“ఈయప్పేనా ఇన్నేండ్లు మా ఇంట్లో కూచున్నది” అంది. వెంకటరాముడు మొదటిసారి నవ్వాడు.

సుందరేశ్ మిగిలిన రెండు పెట్టెలూ ఆ వీడియోతో పాటు తీసుకున్నాడు, కొంచెం ధర తగ్గించాడు. బొట్టు పెట్టెకు పెంచింది ఆ తగ్గినదాన్ని పూడ్చింది. నెల తిరక్కుండా మగ్గం దిగింది. విప్పిన పెట్టె నా ఇంటికొచ్చింది, నేను పని మానేశాను. చేతకాక కాదు. నా చేతి మీద నాకున్న నమ్మకం ఎక్కువైపోయిందని, అది ఇంకొకరి కూడు మీదికి వస్తుందని అర్థమై మానేశాను. మీకు ఎప్పుడైనా సరుకును ఇంకాస్త బాగు చేద్దామనిపిస్తే, చేతులు కట్టుకుని కూచోండి. అమ్మేవాళ్లను అడగండి. వాళ్లు ఊ అన్నా మళ్లీ అడగండి.

దసరా దాటాక ఒక రోజు నారాయణమ్మ ఫోన్ చేసింది. సొంత మగ్గం మీద మొదటి చీర దిగిందని చెప్పింది. అమ్ముడుపోయిందా అని అడిగాను.

“ఇంగా లే. అంచు దగ్గర ఒక పోగు తప్పింది. వచ్చినోళ్లకు ముందే చూపించి చెప్తాండా. ఇద్దరు వద్దని పోయిరి. మూడో ఆమె రేపొస్తానని చెప్పింది.”

“తప్పిన పోగు కనపడకుండా సర్దేవాళ్లు ఉంటారు కదమ్మా, మీ వీధిలోనే” అన్నాను.

“ఉండారు” అంది. “నువ్వు తుడిచింది చూసినాక నాకు ఆ పని చేయబుద్ధి కాలేదప్పా.”